ఆశ్రయం దొరికిన మర్నాడు

బ్రిటన్‌లో శరణు కోరిన మనిషికి అన్నిటికంటే గడ్డు నెల ఏదంటే, ప్రభుత్వం అతని మాట నమ్మి శరణార్థి హోదా ఇచ్చిన నెల. అప్పటిదాకా హోం ఆఫీస్ ఏదో ఒక ఊళ్లో తలదాచుకోను గది ఇస్తుంది. 2024 నుంచి వారానికి 49 పౌండ్ల 18 పెన్స్ ఒక కార్డులో వేస్తోంది. భోజనం పెట్టే హోటల్లో ఉంచితే ఆ మొత్తం పది పౌండ్ల లోపే. హోదా వచ్చాక, ఒంటరి మనిషైతే సాధారణంగా 28 రోజులకు గది ఖాళీ చెయ్యాలి, కార్డు ఆగిపోతుంది. ఆ తర్వాత అతను ఈ దేశపు మనుషులందరిలాగే సంక్షేమ వ్యవస్థలోకి వస్తాడు: పని చేసుకోవచ్చు, ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, యూనివర్సల్ క్రెడిట్ అనే భృతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఆ భృతి తొలి చెల్లింపు చేతికి రావడానికి మామూలుగానే ఐదు వారాలు పడుతుంది. అంటే 35 రోజులు. హోదా వచ్చిన రోజే దరఖాస్తు పెట్టినా వారం తక్కువ.

లీడ్స్‌లో స్థిరపడిన నేను శనివారాలు ఒక చర్చి హాల్లో ఇలాంటివాళ్లకు ఫారాలు నింపిపెడుతుంటాను. ఊరికి ఫోన్ చేస్తే మాత్రం బంధువులు అడిగేది వేరు: "అక్కడ శరణార్థులకు ఇల్లూ డబ్బూ అన్నీ ఊరికే ఇస్తారటగా?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. నాలుగు వందల ఏళ్ల కథ చెప్పాలి.

ఇంగ్లండులో పేదల పోషణ మొదట్లో దేశం బాధ్యత కాదు, పారిష్ బాధ్యత. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ల సముదాయం అనుకోండి. 1601 నాటి చట్టం ప్రకారం ప్రతి పారిష్ తన పేదలను తానే పన్ను వసూలు చేసి పోషించాలి. ఇక "తన" పేద ఎవరన్న తగవు తప్పదు కదా. 1662లో ఇంకో చట్టం వచ్చింది. కొత్తగా వచ్చినవాడు రేపు తమ మీద భారమవుతాడనిపిస్తే పారిష్ పెద్దలు 40 రోజుల్లోగా ఫిర్యాదు చేసి, అతన్ని వెనక్కి, అతని సొంత పారిష్‌కు పంపించెయ్యవచ్చు. మరి ఏ పారిష్‌కూ చెందని విదేశీయుడి సంగతో? 1803లో ఈస్ట్‌బర్న్ ఊరి కేసులో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ ఎలెన్‌బరో దానికి తీర్పు చెప్పాడు. మనుషులు రాసుకున్న చట్టాలన్నిటికంటే ముందు మానవత్వపు చట్టం ఒకటుందనీ, పరాయి దేశపు పేదను ఆకలికి వదలకూడదని అది ఆజ్ఞాపిస్తుందనీ ఆయన అన్నాడు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, రెండు శతాబ్దాల తర్వాత మళ్లీ కోర్టులో వినబడుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో శరణార్థులు రావడమైతే వచ్చారు గాని, ఖర్చు ఇతరులు పెట్టుకున్నారు. 1933లో జర్మనీ నుంచి పారిపోయి వచ్చే యూదులెవరూ ప్రజాధనం మీద పడరని ఇక్కడి యూదు పెద్దలు ప్రభుత్వానికి హామీ ఇచ్చాకే తలుపులు కాస్త తెరుచుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రైళ్లలో వచ్చిన దాదాపు 10,000 మంది పిల్లల విషయంలోనూ ఒక దశ నుంచి తలా 50 పౌండ్ల పూచీ అడిగారు. తల్లిదండ్రులను వదిలి వస్తున్న పిల్లల దగ్గర పూచీ!

యుద్ధం తర్వాత మనసు మారింది. బ్రిటన్ తరఫున పోరాడి, సోవియట్ అదుపులోకి వెళ్లిన సొంత దేశానికి తిరిగి పోలేని పోలిష్ సైనికులు, వాళ్ల కుటుంబాలు రెండు లక్షల పైచిలుకు మంది ఇక్కడ మిగిలిపోయారు. వాళ్ల కోసం 1947లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. శిబిరాల్లో నివాసం, భృతి, వైద్యం, చదువు, ఉద్యోగంలో చేర్చడం, ఏది ఏ శాఖ చూడాలో అందులో రాసి ఉంది. సైన్యపు జీతం నుంచి పౌరజీవితంలోకి వాళ్లను చేయిపట్టి నడిపించారు. కొన్ని శిబిరాలు 1960ల దాకా నడిచాయి. నాకు తెలిసినంతలో ఈ దేశం శరణార్థుల విషయంలో చేసిన అత్యుత్తమమైన పని అదే, ఇక్కడి బడిపిల్లలకు కూడా దాని గురించి పెద్దగా తెలియదు.

మరుసటి ఏడాది, 1948 జూలై 5న, జాతీయ ఆరోగ్య సేవ మొదలైన రోజే, జాతీయ సహాయ చట్టం కూడా అమల్లోకి వచ్చింది. పాత పేదల చట్టం ఇక చెల్లదని దాని మొదటి సెక్షనే ప్రకటించింది. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలోని 23వ అధికరణం, శరణార్థులకు ప్రజాసహాయం సొంత పౌరులతో సమానంగా అందాలంటుంది. 1954లో బ్రిటన్ దాన్ని ఆమోదించింది. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ తరిమేసిన అక్కడి ఆసియావాసులు దాదాపు 28,000 మంది వచ్చినప్పుడూ పాత సైనిక స్థావరాల్లో ఉంచి, అక్కడి నుంచి ఊళ్లకు పంపారు. మా ఊరు రావద్దని లెస్టర్ కౌన్సిల్ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించినా, చాలామంది లెస్టర్‌కే చేరారు, ఆ నగరానికి కొత్త బతుకు తెచ్చారు.

అసలు మలుపు 1996. అప్పటిదాకా శరణు కోరి ఎదురుచూసేవాళ్లు కూడా మామూలు భృతి వ్యవస్థలోనే, కాస్త తగ్గించిన రేటుతో ఉండేవాళ్లు. ఆ ఫిబ్రవరిలో సాంఘిక భద్రత మంత్రి పీటర్ లిల్లీ, విమానాశ్రయంలోనో రేవులోనో కాకుండా దేశంలోకి వచ్చాక శరణు కోరినవాళ్లకు భృతి తీసేశారు. జూన్‌లో అప్పీలు కోర్టు ఆ నియమాలను కొట్టేసింది. న్యాయమూర్తి సైమన్ బ్రౌన్ తీర్పులో ఉదాహరించింది పైన చెప్పిన 1803 నాటి ఎలెన్‌బరో మాటనే. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు, కొత్త చట్టంతో అదే కోతను తిరిగి తెచ్చింది. అప్పుడు న్యాయవాదులు ఆ 1948 చట్టాన్ని బయటకు తీశారు. తిండీ నీడా లేనివాడికి స్థానిక కౌన్సిల్ ఆశ్రయమివ్వాలని అందులో ఉంది, కోర్టులూ ఔనన్నాయి. అయితే ఆ చట్టం కింద చేతికి డబ్బు ఇచ్చే వీలు లేదు. దాంతో లండన్, కెంట్ కౌన్సిళ్లు మనుషులను గదుల్లో పెట్టి, తిండి పొట్లాలు పంచుతూ ఖర్చు భరించలేక గగ్గోలు పెట్టాయి.

ఆ చిక్కుకు లేబర్ ప్రభుత్వం చూపిన విరుగుడు 1999 నాటి వలస, ఆశ్రయ చట్టం. శరణు కోరినవాళ్లను సాధారణ సంక్షేమం నుంచి పూర్తిగా విడదీసి, హోం ఆఫీస్ కింద వేరే వ్యవస్థ పెట్టింది. ఇళ్లు చవగ్గా ఖాళీగా ఉన్న గ్లాస్గో, మిడిల్స్‌బ్రో, బ్రాడ్‌ఫర్డ్ వంటి చోట్లకు మనుషులను పంపింది. 2000 ఏప్రిల్ నుంచి డబ్బుకు బదులు వోచర్లు ఇచ్చారు. నగదుగా మార్చుకోగలిగింది వారానికి పది పౌండ్లే. కొన్నదానికి పోగా మిగిలిన చిల్లర దుకాణదారు తిరిగి ఇవ్వకూడదు. సూపర్‌మార్కెట్ వరసలో వోచరు తీసిన ప్రతిసారీ అందరి చూపులూ వాళ్లమీదే. జమైకా నుంచి వచ్చి రవాణా కార్మికుల యూనియన్ నాయకుడైన బిల్ మోరిస్ దానిమీద గట్టిగా పోరాడాడు. 2002లో వోచర్లు పోయాయి. వేరు వ్యవస్థ మాత్రం ఉండిపోయింది.

ఇక్కడ మన పాఠకులకు నేరుగా తగిలే సంగతి ఒకటుంది. ఆ 1999 చట్టంలోని 115వ సెక్షనే, స్టూడెంటు వీసా మీదా స్కిల్డ్ వర్కర్ వీసా మీదా వచ్చిన మన పిల్లలను కూడా ప్రభుత్వ భృతుల్లో చాలావాటికి దూరంగా ఉంచేది. పన్ను కడుతూ ఉద్యోగం పోయిన గుంటూరు కుర్రాడికీ, నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న ఎరిట్రియా కుర్రాడికీ తలుపు మూసింది ఒకే సెక్షన్.

వేరే వ్యవస్థ పెట్టాక ఒకదానిలోంచి ఇంకోదానిలోకి దాటే గడువు నిర్ణయించాల్సి వచ్చింది. మొదట 14 రోజులన్నారు, 2002లో 28 చేశారు. ఇక్కడందరూ దీన్ని మూవ్ ఆన్ అంటారు. ఆ రోజుల్లో ఏమేం జరగాలో చూడండి. గుర్తింపు పత్రం ఇప్పుడు కార్డు కాదు, ఈ-వీసా. దానికి ఆన్‌లైన్ ఖాతా తెరవాలి. పేరులోనో పుట్టిన తేదీలోనో తప్పుంటే సరిచేయించాలి. అప్పటిదాకా బ్యాంకు ఖాతా ఉండదు, భృతి పడాలంటే ఖాతా కావాలి. జాబ్‌సెంటర్‌లో ఇంటర్వ్యూకు వెళ్లాలి. ముందస్తుగా కొంత ఇమ్మంటే ఇస్తారు, అది అప్పు, తర్వాతి నెలల్లో కోసుకుంటారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు అడ్వాన్సు, పూచీదారు, జీతం స్లిప్పులు అడుగుతారు. ఏళ్ల తరబడి పని చెయ్యనివ్వకుండా కూర్చోబెట్టిన మనిషి దగ్గర జీతం స్లిప్పులు ఎక్కడివి?

కౌన్సిల్‌కు వెళితే పిల్లలున్న కుటుంబానికి, గర్భిణికి, జబ్బుమనిషికి తాత్కాలికంగానైనా చోటు చూపిస్తారు. ఇంగ్లండులో ఆరోగ్యంగా ఉన్న ఒంటరి మగాడికి సలహా దొరుకుతుంది, గది దొరకడం గ్యారంటీ లేదు. పైగా హోం ఆఫీస్ అతన్ని ఏ ఊళ్లో ఉంచిందో ఆ ఊరితోనే అతనికి సంబంధం ఏర్పడినట్టు 2004 చట్టం చెబుతుంది. మిడిల్స్‌బ్రోలో ఉంచిన సూడాన్ మనిషి, స్నేహితుడి దగ్గరికని బర్మింగ్‌హామ్ వెళ్లి అక్కడి కౌన్సిల్‌ను అడిగితే, మిడిల్స్‌బ్రోకే వెళ్లమని పంపగలరు. 1662 నాటి పారిష్ పెద్దలకు ఈ నియమం చూపిస్తే వెంటనే అర్థమవుతుంది.

ఇంకో వైరుధ్యం ఉంది, నాకు కోపం తెప్పించేది అదే. 2018 నుంచి ఇంగ్లండులో అమలవుతున్న చట్టం ప్రకారం, ఎవరైనా 56 రోజుల్లో ఇల్లు కోల్పోయే ప్రమాదం ఉంటే కౌన్సిల్ అప్పటినుంచే సాయం మొదలెట్టాలి. భాష వచ్చి, బంధువులుండి, బ్యాంకు ఖాతా ఉన్న స్థానికుడికే 56 రోజులు అవసరమని పార్లమెంటు ఒప్పుకుంది. కొత్తగా వచ్చినవాడికి అందులో సగం. 2023లో కొన్నాళ్లపాటు గడువు లెక్కించే పద్ధతి మార్చడంతో కొందరికి చేతిలో వారమే మిగిలింది, ఆ చలికాలం శరణార్థులు గుడారాల్లో పడుకోవడం చాలా ఊళ్లు చూశాయి. 2024 డిసెంబరులో గడువును ప్రయోగాత్మకంగా 56 రోజులు చేశారు. మా హాల్లో ఆ నెలల్లో తేడా కళ్లకు కట్టింది: గది ఖాళీ చేసేలోపే చాలామందికి తొలి భృతి పడింది, గది వెతికే వ్యవధీ దొరికింది. 2025 సెప్టెంబరు నుంచి ఒంటరిగా ఉన్న పెద్దల్లో ఎక్కువమందికి మళ్లీ 28కి దించారు.

చెయ్యలేక కాదని 2022 చూపించింది. ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్లకు మొదటి రోజు నుంచే పని చేసే హక్కు, యూనివర్సల్ క్రెడిట్ హక్కు ఇచ్చారు. దేశంలో కొంతకాలం నివసించి ఉండాలన్న పరీక్షను వాళ్లకు ఎత్తేశారు. వేరు వ్యవస్థలోకి వాళ్లు వెళ్లనే లేదు, కాబట్టి దాటాల్సిన గండమూ రాలేదు.

సూడాన్, అఫ్గానిస్తాన్, ఎరిట్రియాల నుంచి వచ్చి ఏళ్లపాటు హోటల్ గదుల్లో ఎదురుచూసిన వాళ్లకు కనీసం 56 రోజులివ్వాలని బ్రిటిష్ రెడ్‌క్రాస్ వంటి సంస్థలు ఎంతోకాలంగా అడుగుతున్నాయి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 2000 నాటి ఆశ్రయ సహాయ నియమావళిలో, రెండో నియమంలో ఉన్న ఒక అంకెను మంత్రి సవరిస్తే సరిపోతుంది. 2002లో 14ను 28 చేసింది అలాగే.