విడిభాగము: కొలత, విశ్వాసము

మోటారుకారు తొలినాళ్లలో విడిభాగమును అంగడిలో కొని నేరుగా బిగించుట అరుదు. పనివాడు దానిని ఆకురాయితో రాచి, సరిపుచ్చి అమర్చవలసి యుండెను.

1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటవద్ద రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఒక పరీక్ష జరిపినది. మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగములన్నిటిని కలగలిపివేసిరి. అందులో 89 భాగములను తొలగించి, విక్రేత నిల్వనుండి క్రొత్తవి తెచ్చిరి. ఆకురాయి ముట్టకుండ తిరిగి కూర్చిన ఆ కార్లు 500 మైళ్లు పరుగెత్తినవి. బదులు వచ్చిన భాగము అసలు భాగముతో సమానము కాగలదని ఆనాడు రుజువైనది.

కాలక్రమమున ఆ సమానత్వము సడలినది. కారు చేసిన కంపెనీతో నిమిత్తము లేకుండ ఇతరులు తయారుచేసిన చౌక భాగములు అమెరికాలో విరివిగా వాడుకలోనికి వచ్చినవి. మరమ్మతు ఖర్చు తగ్గించుకొనగోరిన బీమా కంపెనీలు వానిని ప్రోత్సహించినవి. వాని నాణ్యమును ధ్రువపరచుటకై 1987లో ఒక సంస్థయే వెలసినది. అయినను 1999 ఫిబ్రవరిలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక, తాను పరీక్షించిన అనుకరణ ఫెండర్లలో అధికభాగము సరిగా అమరలేదనియు, బంపర్లు స్వల్పవేగపు తాకిడికే దెబ్బతిన్నవనియు ప్రకటించినది.

ఆ యేడే ఇల్లినాయ్ రాష్ట్రమున ఒక న్యాయస్థానము, ఇట్టి భాగముల వివాదములో స్టేట్ ఫార్మ్ బీమా కంపెనీపై సుమారు 118 కోట్ల డాలర్ల తీర్పు చెప్పినది. 2005లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది.

న్యాయస్థానపు తీర్పు మారవచ్చును గాని, సరిగా అమరని రేకునడుమ సందు పూడదు. తాకిడికి తాళలేని బంపరు కారును కాపాడదు. బ్రూక్‌లాండ్స్‌లో విక్రేత మాటను ఎవరును నమ్మలేదు. విప్పి, కలిపి, నడిపి చూచిరి. నేడు విడిభాగము కొనువారు కోరవలసినదియు అట్టి పరీక్షయే.