నాంపల్లి పాండు చేతిలో పుస్తకం

1965 మే 6, గురువారం. హైదరాబాద్, ఆబిడ్స్. అర్ధరాత్రి.

దుకాణాలు ఎప్పుడో కట్టేశారు. పగలంతా కాగిన రోడ్డు ఇంకా వేడి కక్కుతూనే ఉంటుంది, మే నెల కదా. ఈ వేళప్పుడు ఇక్కడ మెలకువగా ఉండేవాళ్లు రెండు రకాలు. సెకండ్ షో చూసి ఇళ్లకు పోయేవాళ్లు, వాళ్లను రిక్షాల్లో ఎక్కించుకుని తొక్కేవాళ్లు. తొక్కేవాళ్లలో ఒకతను నాంపల్లి పాండు. ఆ రాత్రి అతని ముందుకొచ్చినవాళ్లు బేరగాళ్లు కారు, కుర్ర కవులు. చేతిలో ఒక పుస్తకం పెట్టారు. ఆవిష్కర్త అతనే. పుస్తకం పేరు ‘దిగంబర కవులు’.

అప్పటిదాకా తెలుగు పుస్తకం లోకంలోకి రావాలంటే ఒక తంతు ఉండేది. సాయంత్రం సభ, ఒక అధ్యక్షుడు, ఒక ముఖ్య అతిథి, పూలదండలు, గంటన్నర ప్రశంస. అలాంటి సభలు జరిగే సారస్వత పరిషత్తు ఆబిడ్స్‌కు దగ్గరే. 1901లో పుట్టిన, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కూడా నడిచిపోయేంత దూరమే. ఆ గడపలు వదిలేసి వీళ్లు రోడ్డు మీదికి వచ్చారు.

కవులు ఆరుగురు. మానేపల్లి హృషీకేశవరావు నగ్నముని అయ్యాడు. యాదవరెడ్డి నిఖిలేశ్వర్. రాఘవాచార్యులు జ్వాలాముఖి. బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు. మన్మోహన్ సహాయ్ భైరవయ్య. కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు మహాస్వప్న. రావు, రెడ్డి, ఆచార్యులు... పుట్టగానే అంటుకున్న ఆ తోకలన్నీ తెంచుకున్నారు. నాకు ఇక్కడ ఒక సంగతి మనసులో మెదులుతూ ఉంటుంది. వీళ్లు ఇంత ప్రయత్నం చేసి కులం చెప్పని పేర్లు సంపాదించుకున్నారు. ఎదురుగా నిలబడ్డ మనిషి పేరులో కులం ఊసే లేదు, ఒక పేట పేరు మాత్రమే ఉంది.

పేర్లతో ఆగలేదు. తమ కవితలకు ‘దిక్‌’లు అని పేరు పెట్టుకున్నారు. పంచాంగం కూడా మార్చేశారు. వారాలకు, ఋతువులకు, సంవత్సరాలకు కొత్త పేర్లు కట్టారు. కాలాన్నే మళ్లీ మొదటినుంచి లెక్కపెడదాం అన్న పంతం అది. పద్దెనిమిదేళ్ల స్వాతంత్ర్యం చూశారు, చైనా యుద్ధం చూశారు, నెహ్రూ పోయి ఏడాది కావస్తోంది. చదువుకుని పట్నం చేరిన కుర్రవాడి కడుపులో ఏముందో అప్పటి పత్రికల్లోని మెత్తటి కవిత్వం చెప్పడం లేదని వాళ్ల కోపం.

రెండో సంపుటి 1966 డిసెంబర్ 8న, విజయవాడలో. మళ్లీ అర్ధరాత్రే. దానికి అయిదు వారాల ముందు, నవంబర్ 1న, ఉక్కు ఫ్యాక్టరీ కావాలన్నందుకు విశాఖలో కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. రాష్ట్రమంతా రగిలింది. ఆ వేడి చల్లారకముందే బెజవాడలో, హోటల్లో పనిచేసే జంగాల చిట్టి చేతుల మీదుగా పుస్తకం బయటికి వచ్చింది.

మూడోది 1968 సెప్టెంబర్ 14, విశాఖపట్నం. ఆ ఏడాదే కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ని సజీవంగా తగలబెట్టారు. పక్కనున్న శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు భూస్వాముల మీద తిరగబడుతున్నారు. మూడో సంపుటిని ఆవిష్కరించింది ఎడునూరి యశోద. బిచ్చమెత్తుకుని బతికే మనిషి.

రిక్షా తొక్కే మనిషి, హోటల్లో పనిచేసే మనిషి, అడుక్కునే మనిషి. ఈ ముగ్గురినీ ప్రచారం కోసమే పట్టుకొచ్చారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అర్ధరాత్రి ఊళ్లో ఎవరు మేలుకుని ఉంటారో చూడండి. పని ఇంకా తెమలనివాళ్లు, పడుకోవడానికి చోటు లేనివాళ్లు. ఆ గంటను ఎంచుకున్నారంటే ఆ మనుషుల్ని ఎంచుకున్నట్టే. అతిథిగా పిలవాల్సింది ఎవరినని తెలుగు కవిత్వం తనను తాను ప్రశ్నించుకున్న మొదటి రాత్రి ఆబిడ్స్‌దేనని నా నమ్మకం.

పుస్తకాల మీద దుమారం రేగింది. బూతు అన్నారు, కవిత్వమే కాదన్నారు. స్త్రీ శరీరాన్ని తిట్టుగా వాడిన చోట్ల ఆ విమర్శలో న్యాయం ఉంది, ఇవాళ చదివితే ఆ చోట్ల నాకూ మనసు కలుక్కుమంటుంది. కానీ సభా మర్యాద కోసం గొంతు తగ్గించుకోనక్కర్లేదని తర్వాతి తరాలకు ధైర్యం ఇచ్చింది కూడా ఆ పేజీలే.

నాలుగో సంపుటి రాలేదు. 1970 జూలై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు అటు వెళ్లారు. భైరవయ్య, మహాస్వప్న వెళ్లలేదు. మరుసటి ఏడాది నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలుకు పోయారు. బడిపంతులు చెరబండరాజు నలభై నిండకుండానే, 1982లో, మెదడులో కణితితో కన్నుమూశాడు. నగ్నముని దివిసీమ ఉప్పెన మీద ‘కొయ్యగుర్రం’ రాశాడు. నిఖిలేశ్వర్‌కు 2020 సంవత్సరానికి ‘అగ్నిశ్వాస’ మీద కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కవుల కథలు ఇలా ఎంతైనా చెప్పుకోవచ్చు, పుస్తకాలున్నాయి. పాండు, చిట్టి, యశోదల గురించి సాహిత్య చరిత్రలు ఒక్కో వాక్యం రాసి ముందుకు సాగిపోతాయి.

అందుకే మళ్లీ ఆ మొదటి రాత్రికే వెళ్తాను. పుస్తకం విప్పడం అయిపోయింది. కవులు కొత్త పంచాంగం కట్టుకుని కొత్త కాలంలోకి అడుగుపెట్టారు. పాత లెక్కలో మాత్రం తెల్లారితే శుక్రవారం. అద్దె రిక్షాల పట్నంలో తొక్కేవాడు సవారీలు దొరికినా దొరకకపోయినా ఆ పూట అద్దె యజమాని చేతిలో పెట్టాల్సిందే.