ఆశ ముందొచ్చిన అచ్చు

పల్లెటూళ్లలో అమ్మమ్మలు మనవణ్ణి 'ఇస్కూలు'కి పంపేవారు. మాట మొదట్లోనే సకారానికి ఇంకో హల్లు తగులుకుంటే నోరు తిరగదు. అందుకని ముందొక అచ్చును పీటలా వేసుకుంటాం. చదువురాని వాళ్ల యాస అని నవ్వుకోకండి. స్పెయిను వాళ్లు చేసిందీ అదే! లాటిన్ 'స్కోలా' వాళ్ల నోట 'ఎస్క్వేలా' అయింది. ఆశించడమనే అర్థమున్న 'స్పెరారే' కాస్తా 'ఎస్పెరార్' అయింది. ఇటలీ వాళ్లు మాత్రం ఇప్పటికీ 'స్పెరారే' అనే అంటారు.

ఆశించడానికి ఇడో భాషలోనూ మాట 'ఎస్పెరారే'. ఇడో ఏ దేశానిదీ కాదు. పండితులు కూర్చుని కల్పించుకున్న భాష. దాని పుట్టిల్లు ఎస్పెరాంటో. దేశదేశాల వాళ్లూ మాట్లాడుకోవడానికి సులువైన భాష ఒకటి ఉండాలని, కంటి డాక్టరు జామెన్‌హాఫ్ 1887లో వార్సాలో ఆ భాషను పుస్తకంగా అచ్చు వేయించాడు. పెట్టుకున్న మారుపేరు 'డాక్టర్ ఎస్పెరాంటో', అంటే ఆశపడేవాడు. చివరికి భాషకే ఆ పేరు స్థిరపడింది.

ఆశతో కట్టిన ఇంట్లోనూ తగవులు తప్పవు కదా! 1907లో పారిస్‌లో పండితుల సంఘం ఒకటి సమావేశమై, ఈ భాషకి కొన్ని మార్పులు కావాలంది. అక్షరాల నెత్తిమీది టోపీ గుర్తులు తీసెయ్యాలన్నారు. క్రియ చివర 'ఇ'కి బదులు 'అర్' ఉండాలన్నారు. పాతవాళ్లు ససేమిరా అన్నారు. దాంతో ఫ్రెంచి తత్వవేత్త లూయీ కుత్యురా, ఆయనతో ఏకీభవించినవాళ్లూ వేరు కుంపటి పెట్టారు. అదే ఇడో. తమాషా ఏమిటంటే, ఎస్పెరాంటోలో ఆ మాటకి అర్థం 'సంతానం'!

స్పానిష్‌లో 'ఎస్పెరార్' అంటే ఆశించడమూ, ఎదురుచూడడమూ కూడా. గుమ్మంలో నిలబడి ఎదురుచూసే ఏ తల్లినడిగినా ఆ రెంటికీ తేడా ఏముందంటుంది. కాని ఒక మాటకి ఒకే అర్థం ఉండాలన్నది కుత్యురా పట్టు. అందుకే ఎదురుచూడడానికి ఇడో వాళ్లు జర్మన్ నుంచి 'వర్తార్' తెచ్చుకున్నారు.

1914 ఆగస్టులో, యుద్ధం మొదలైన రోజుల్లోనే, కుత్యురా కారు ప్రమాదంలో పోయాడు. 1917లో జామెన్‌హాఫూ కన్నుమూశాడు. ఈ రెండు భాషలూ ప్రపంచాన్నేమీ కలపలేకపోయాయి. అయినా మాట్లాడేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు, ఇడోకి కొద్దిమందే అనుకోండి.

ఇంతకీ 'ఆశిస్తున్నాను' అనడానికి ఎస్పెరాంటో వాళ్లు వాడే క్రియ 'ఎస్పెరాస్'. ఇడో వాళ్లదీ 'ఎస్పెరాసే'. ఇల్లు పంచుకున్నారు, వాకిలి పంచుకున్నారు, ఆశ దగ్గరికొచ్చేసరికి మాత్రం పంపకం కుదరలేదు!