తునికి చెట్టు దాయాదులు

మారిషస్‌కు మనవాళ్లు సముద్రం కోసం వస్తారు, దిగగానే కనిపించేది మాత్రం చెరకు. విమానాశ్రయం నుంచి హోటల్ దాకా రోడ్డుకు రెండువైపులా అదే పంట. ఫ్యాక్టరీలు నడిచిన రోజుల్లో బోధన్‌లోనో మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలోనో తిరిగినవారికి ఆ దృశ్యం కొత్తేమీ కాదు. చెరకు ఆగిన చోట ఊరు మొదలవుతుంది, ఊరు ఆగిన చోట మళ్లీ చెరకు. వంక పెట్టలేనంత పచ్చగా ఉన్న ఈ దేశంలో అడవి ఎక్కడుందని అడిగితే టాక్సీ డ్రైవర్ నైరుతి దిక్కు గుట్టలకేసి చెయ్యి చూపిస్తాడు.

ఆ గుట్టల్లో ఉన్నది బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ వనం. 1994లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 6,500 హెక్టార్లు. ద్వీపం మొత్తం మీద మంచి స్థితిలో మిగిలిన స్థానిక అడవి రెండు శాతం లోపే. అందులో చెప్పుకోదగ్గ భాగం ఈ లోయల్లోనే ఉంది. కవ్వాల్ అడవిలోలాగా వెనకా ముందూ చూసుకుంటూ నడవనక్కర్లేదు. పులి లేదు, గుడ్డేలుగు లేదు, విషప్పాము అసలే లేదు. ఆదిలాబాద్ మనిషికి ఇది మొదట హాయిగానే ఉంటుంది. కాసేపటికి, ఇంత అడవిలో భయపడడానికి ఏమీ లేకపోవడమేమిటని అనుమానం వస్తుంది.

ఆ అనుమానం మధ్యలో ఒక చెట్టు ఎదురవుతుంది. సన్నటి నిటారు మాను, మందపాటి ఆకులు. అదే మారిషస్ ఎబొనీ. వృక్షశాస్త్రం లెక్కన అది మన తునికికి స్వయానా దాయాది, రెండూ డయోస్పైరోస్ కుదురువే. ఈ చిన్న ద్వీపంలో, ఇక్కడ తప్ప మరెక్కడా పుట్టని ఆ కుదురు జాతులు పదికి పైగా ఉన్నాయి.

ఎండకాలం పొద్దు పొడవకముందే అడవికి పోయి, లేత ఆకు తెంపి, యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం కల్లానికి మోసుకుపోయే ఆడవాళ్లను చూసి పెరిగినవారికి తునికి అంటే నడుమెత్తు పొదే. చిగురు బాగా రావాలని ముందే కొమ్మ కొడతారు కాబట్టి అది ఎదగడం తక్కువ. ఆ ఆకు కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఇళ్ల అరుగుల మీద బీడీ అవుతుంది. మనిషి చెయ్యి పడకపోతే తునికి కూడా పెద్ద మాను అవుతుంది, లోపలి చేవ నల్లగా తేలుతుంది. యూరప్ వర్తకులు దాన్ని కోరమాండల్ ఎబొనీ పేరుతో కొన్నారు. దానికి శాస్త్రీయ నామం పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచినవాడు. ఆ సామర్లకోటకు దగ్గరలోనే కోరంగి రేవు ఉంది. తర్వాతి కాలంలో మారిషస్ చెరకు తోటలకు తెలుగు కూలీలను ఎక్కించుకున్న ఓడలు కొన్ని కదిలింది అక్కణ్నుంచే. తునికి కథ ఎటు తిప్పినా ఈ ద్వీపానికే చేరుతుంది మరి!

ఇక్కడి ఎబొనీకి మాత్రం బీడీ ఆకంత గతి కూడా పట్టలేదు. 1598లో డచ్చివాళ్లు ఈ తీరానికి వచ్చి, తమ రాజకుమారుడు మారిస్ పేరు పెట్టుకున్నారు. 1638లో కాపురం మొదలుపెట్టి, నల్ల చేవ కోసం తీరం వెంబడి ఎబొనీని నరికి ఓడలకెత్తారు. చెరకు తెచ్చింది వాళ్లే, జావా దుప్పులను తెచ్చిందీ వాళ్లే. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు నేల మీద గుడ్లు పెట్టే డోడో పక్షిని 17వ శతాబ్దం దాటనివ్వలేదు. 1710లో డచ్చివాళ్లు ద్వీపాన్ని వదిలిపోయారు. తర్వాత ఫ్రెంచివాళ్లు, 1810 నుంచి ఇంగ్లీషువాళ్లు ఏలారు. నరుకుడు ఆగలేదు. ఎబొనీ పోయిన నేలలో చెరకు నిలబడింది.

అడ్డం పడినవాళ్లు ఎవరూ లేరా అని అడగాలనిపిస్తుంది. మన దగ్గర జోడేఘాట్‌లో కొమురం భీం ఉన్నాడు. 1940లో ఆయన్ను కాల్చి చంపాక, గోండుల బాధ ఏమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపవలసి వచ్చింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. మారిషస్ అడవికి గోండులు లేరు, కొలాములు లేరు. డచ్చివాళ్లు రాకముందు ఇక్కడ మనుషులే లేరు. ఆ తర్వాత కూడా ఈ అడవిని నమ్ముకున్నవాళ్లంటే ముఖ్యంగా తోటల నుంచి పారిపోయిన బానిసలే. వాళ్లు దాగిన ల మోర్న్ కొండను 2008లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. దాక్కున్న మనిషి అడవి నాదని కచేరీకి పోయి చెప్పుకోలేడు కదా.

డోడో మాటకొస్తే, మన ఇప్పచెట్టు కుటుంబానికే చెందిన తంబలకోక్ అనే మాను ఒకటుంది. 1977లో అమెరికన్ శాస్త్రవేత్త స్టాన్లీ టెంపుల్ ఒక ముచ్చట చెప్పాడు. ఆ చెట్టు గింజ మహా గట్టిదని, డోడో కడుపులో అరిగితేనే మొలిచేదని, డోడో పోయింది గనుక చెట్టూ పోతోందని ఆయన వాదం. డోడో లేదు కాబట్టి టర్కీ కోళ్ల చేత ఆ గింజలు మింగించి, కొన్నిటిని మొలిపించి చూపించాడు. పత్రికలకు ఇంతకన్నా ఏం కావాలి? తర్వాత ఇతర శాస్త్రవేత్తలు అడవి గాలించి, డోడో పోయాక పుట్టిన చెట్లూ ఉన్నాయని, కోడి కడుపు అవసరం లేకుండానే గింజ మొలుస్తుందని తేల్చారు. అయినా ఇక్కడి గైడ్లు పాత కథే చెబుతారు. పాత కథే బాగుంటుంది.

నిజంగా కడుపులో పడి మేలు జరిగిన గింజ ఎబొనీది. మాహెబూర్ దగ్గర సముద్రంలో ఇల్ ఓ ఎగ్రెట్ అనే 26 హెక్టార్ల చిన్న దీవి ఉంది. ఈ ద్వీపాల సొంత తాబేళ్లు ఎప్పుడో అంతరించాయి. 2000లో అల్దాబ్రా జాతి పెద్ద తాబేళ్లను తెచ్చి ఆ దీవిలో వదిలారు. అవి రాలిన ఎబొనీ పండ్లు తిని తిరిగిన చోటల్లా గింజలు వేశాయి, వేసిన చోటల్లా మొలకలు వచ్చాయి. తాబేలు కడుపులోంచి వచ్చిన గింజలు మామూలు గింజలకన్నా బాగా మొలుస్తున్నాయని శాస్త్రవేత్తలు గమనించారు. ఆదిలాబాద్ అడవిలో ఈ పని చేసేది గుడ్డేలుగు. తునికి పండ్లు బుక్కి, గింజలు గుట్టంతా చల్లిపోతుంది. పసుపుపచ్చని ఆ వగరు తీపి గుజ్జు, నాలుకకు అతుక్కునే గింజ గుర్తొస్తే ఈ దీవి మీద నిలబడినవాడికి పడవ ఎక్కబుద్ధి కాదు.

మనవాళ్లు తప్పకుండా చూసేది పాంప్లెమూస్ తోట. 1730ల్లో గవర్నర్ లా బూర్డొనే అక్కడ కూరగాయలు పండించాడు. 1746లో మద్రాసును పట్టుకున్న లా బూర్డొనే ఇతడే. దాన్ని నిజమైన తోటగా చేసింది 1767లో వచ్చిన ఫ్రెంచి అధికారి పియెర్ ప్వావ్ర్. అంతకుముందే ఒక ఓడ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. అప్పట్లో జాజికాయ, లవంగం డచ్చివాళ్ల గుత్తసొత్తు. ప్వావ్ర్ పంపిన మనుషులు 1770లో మొలక్కా దీవుల నుంచి ఆ మొక్కలను దొంగతనంగా పట్టుకొచ్చారు. ఇటువైపు ద్వీపాల నుంచి లవంగం మొక్క తర్వాత జాంజిబార్ దాకా పోయింది. పెళ్లింట బగారా అన్నంలో వేసే లవంగం వెనక ఆ దొంగతనం ఉందని తెలిస్తే నవ్వొస్తుంది. బానిసత్వం మంచిది కాదని అదే ప్వావ్ర్ ఉపన్యసించాడు. ఆయన తోటలో తవ్వింది, నీళ్లు మోసింది మాత్రం బానిసలే. ఆ తోట అందాన్ని మెచ్చుకుంటూనే ఇది గుర్తుంచుకోవాలి.

చెరువులో అమెజాన్ తామరలు ఉంటాయి. బతుకమ్మను పేర్చే శిబ్బికి పదింతల ఆకు, చుట్టూ నిలబడిన అంచు, అడుగున ముళ్లు. పువ్వు మొదటి రాత్రి తెల్లగా విచ్చుకుని, రెండో రాత్రికి గులాబీ రంగు తిరుగుతుంది. ఇంకోవైపు శ్రీతాళం చెట్లున్నాయి. మన పెద్దలు తాళపత్రాలకు వాడుకున్న చెట్టే. దశాబ్దాల పాటు పెరిగి, ఒక్కసారే పూసి, కాయలు రాల్చి చచ్చిపోతుంది. బ్రెజిల్ తామర, సింహళం తాటి, మొలక్కా జాజి, మధ్యలో మారిషస్ తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ సమాధి. ఈ తోటలో దాదాపు అందరూ వలస వచ్చినవాళ్లే.

మనుషులూ అంతే. 1834 తర్వాత నాలుగున్నర లక్షల మంది దాకా భారతీయ కూలీలు పోర్ట్ లూయిస్‌లో దిగారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువగా కోస్తావాళ్లు. అందుకే ఇక్కడ మొక్కులు సింహాద్రి అప్పన్నకు. వేములవాడ రాజన్న, కొండగట్టు అంజన్న అంటే ఎవరని అడుగుతారు. ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా ఇక్కడే జరిగాయి. అయినా భాద్రపద అమావాస్యకు బతుకమ్మ మొదలయ్యేసరికి కరీంనగర్ ఆడపడుచుకు మనసు నిలవదు. తంగేడు, గునుగు కోసం పొలం గట్ల మీద తిరిగిన చిన్నతనం ముందుకొస్తుంది. ఇక్కడి గట్ల మీద చెరకు తప్ప ఏముంది?

ఇప్పుడు అడవికి పెద్ద ముప్పు నరికేవాళ్ల నుంచి కాదు, బ్రెజిల్ నుంచి వచ్చిన చిన్న ఎర్ర జామ నుంచి. స్థానిక మొలకలను అది తలెత్తనివ్వదు. అడవిశాఖ కొన్ని ముక్కలకు కంచె వేసి దాన్ని వేళ్లతో సహా పెరికిస్తుంది. కాపు కాలంలో కుటుంబాలకు కుటుంబాలు జాతీయ వనంలోని ప్లేన్ షాంపేన్‌కు పోయి, అదే పండు కోసుకుని ఉప్పుకారం అద్దుకుని తింటాయి.

ఇంకో తగాదా గబ్బిలాలది. మనిషి రాకముందు ఈ నేల మీద ఉన్న స్తన్యజీవులు అవే. అడవి గింజలను మోసి నాటేవీ అవే. కానీ నవంబర్, డిసెంబర్‌లలో లిచీ పండేసరికి అవి పెరళ్ల మీద పడతాయి. 2015 నుంచి సర్కారు వాటిని వేల సంఖ్యలో కాల్పించింది. 2018లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వాటిని అంతరించే ప్రమాదమున్న జాబితాలోకి ఎక్కించింది. చెట్టుకు వల కప్పుకోండి, ఖర్చులో కొంత మేమిస్తామని ఇప్పుడు సర్కారే చెబుతోంది. ఇంటి కప్పుకన్నా ఎత్తు పెరిగిన లిచీకి వల ఎవడు కప్పుతాడని పెరడున్నవాళ్లు ఎదురు ప్రశ్న వేస్తున్నారు.