పొరకు పట్టిన జిగురు: నీటిశుద్ధి చరిత్రలో క్లోరిన్ పాత్ర

రివర్స్ ఆస్మాసిస్ చరిత్రను పొరల సామర్థ్యం పెరిగిన క్రమంగా చెప్పడం పరిపాటి. పొర ఉప్పును ఎంత ఆపింది, ఎంత తక్కువ పీడనంతో పనిచేసింది అన్నవే అక్కడ కొలమానాలు. పొరపై చేరే బాక్టీరియా వైపు నుంచి చూస్తే ఈ పురోగతికి చెల్లించిన మూల్యం కూడా కనిపిస్తుంది.

1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌లో సిడ్నీ లోబ్, భారతదేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ అసిటేట్‌తో ఆచరణయోగ్యమైన పొరను రూపొందించారు. 1965లో అదే రాష్ట్రంలోని కోలింగా పట్టణానికి ఇటువంటి పొరలతో తాగునీరు అందింది. సెల్యులోజ్ మొక్కల నుంచి లభించే పదార్థం. దాని నుంచి చేసిన పొరను కొన్ని సూక్ష్మజీవులు తినివేయగలవు. అయితే ఆ పొర కొద్దిపాటి క్లోరిన్‌ను నిత్యం తట్టుకునేది. అదే దానికి రక్ష.

1970ల చివర జాన్ కాడొట్ రూపొందించిన పాలిఅమైడ్ పొర తక్కువ పీడనంతోనే ఎక్కువ ఉప్పును ఆపింది; క్రమంగా పాత పొర స్థానాన్ని ఆక్రమించింది. కానీ స్వేచ్ఛా క్లోరిన్ సోకితే అది పాడవుతుంది. అందువల్ల నీటిలో వేసిన క్లోరిన్‌ను పొరను చేరకముందే సోడియం బైసల్ఫైట్‌తోనో, కార్బన్ ఫిల్టరుతోనో తొలగించవలసి వచ్చింది. (మన ఇళ్ళలోని ఆర్.ఓ. యంత్రాల్లో పొరకు ముందు కార్బన్ ఫిల్టరు ఉండడానికి ఇదొక కారణం.) అంటే సూక్ష్మజీవులు స్థిరపడే చోటికి వచ్చేసరికి నీటిలో వాటిని అడ్డుకునేది ఏదీ మిగలదు. పైగా క్లోరిన్ నీటిలోని సంక్లిష్ట సేంద్రియ పదార్థాలను చిన్న ముక్కలు చేస్తుంది. చావక మిగిలిన బాక్టీరియాకు అవే సులభమైన ఆహారం. అవి స్రవించే జిగురు వాటికే కవచమవుతుంది. నీళ్ళ తొట్టి గోడను తడిమితే చేతికి తగిలే జారుడు ఇటువంటిదే.

అలాగని క్లోరిన్ ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో మురుగునీటిని శుద్ధిచేసిన వాటర్ ఫ్యాక్టరీ 21లో సెల్యులోజ్ అసిటేట్ పొరలకు పట్టిన జిగురును 1980లలో హ్యారీ రిడ్జ్‌వే బృందం పరిశీలించింది. క్లోరిన్ కలిపిన నీటిలోనూ మైకోబాక్టీరియా పొరకు అంటుకున్నట్లు తేలింది. బాక్టీరియాను చంపడంతో పాటు వాటికి ఆహారం అందకుండా చేయాలన్న ఆలోచన తర్వాతి దశాబ్దాల్లో బలపడింది. ఈ చరిత్రలో అసలు మలుపు కొత్త పొర రావడం కాదు, ఈ ఆలోచనే అని నా అభిప్రాయం.

2008లో అదే కౌంటీలో ప్రారంభమైన పెద్ద కేంద్రం పాలిఅమైడ్ పొరలనే వాడుతూ, అవి తట్టుకోగల క్లోరమైన్‌ను ఆశ్రయించింది. క్లోరమైన్ వల్ల ఎన్‌డీఎంఏ అనే హానికర రసాయనం ఏర్పడవచ్చు. దానిలో కొంత పొరను దాటిపోతుంది. అందుకే అక్కడ పొర దాటిన నీటిని మళ్ళీ అతినీలలోహిత కాంతి కిందికి పంపుతారు.