గర్భసంచిలో రేడియం నుంచి మూడు విడతల చికిత్స దాకా

1898లో క్యూరీ దంపతులు రేడియాన్ని కనుగొన్నారు. ఐదేళ్లకల్లా న్యూయార్క్‌లో మార్గరెట్ క్లీవ్స్ అనే వైద్యురాలు దాన్ని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు వాడారు. గర్భసంచి లోపలి పొరలో పుట్టే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కు ఈ వైద్యం ఒక పద్ధతిగా కుదిరింది మాత్రం స్వీడన్‌లో. స్టాక్‌హోమ్‌లోని రేడియంహెమ్మెట్ ఆసుపత్రిలో జేమ్స్ హేమన్ అనే వైద్యుడు చిన్న చిన్న రేడియం గుళికలను గర్భసంచి నిండా కూర్చేవారు. సంచి ఆకారం ఎలా ఉన్నా గోడలన్నిటికీ కిరణాలు అందాలన్నది ఆయన ఉద్దేశం. ఆపరేషన్‌కు తట్టుకోలేని స్త్రీలు కొందరు దీనితోనే బతికి బయటపడ్డారు. కానీ గర్భసంచికి ముందు మూత్రాశయం, వెనక పురీషనాళం ఆనుకుని ఉంటాయి. మోతాదు అటు మళ్లితే పుండ్లు పడేవి, రక్తం పోయేది. గుళికలు పెట్టే డాక్టర్ల, నర్సుల చేతులకూ కిరణాలు తగిలేవి.

సిబ్బందికి ఆ ముప్పు తగ్గించే దారి 1960 ప్రాంతంలో దొరికింది. ముందు ఖాళీ గొట్టం అమర్చి, రేడియోధార్మిక పదార్థాన్ని తర్వాత అందులోకి పంపే పద్ధతిని ఉల్రిక్ హెన్ష్కే అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చారు. క్రమంగా రేడియం పోయి సీజియం, ఇరిడియం వచ్చాయి. రోజుల తరబడి కదలకుండా పడుకోవలసిన చికిత్స నిమిషాల్లోకి దిగింది.

అప్పటికే గర్భసంచిని తీసేయడం ప్రధాన వైద్యమైంది. ఇక మిగిలిన ప్రశ్న, ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఎంత కావాలన్నది. ఓస్లో వైద్యులు 540 మంది స్త్రీలకు యోనిలో రేడియం పెట్టి, వారిలో కొందరికి కటిభాగమంతటికీ బయటి రేడియేషన్ కూడా ఇచ్చారు. 1980లో ఫలితాలు చెప్పారు: అదనంగా ఇచ్చినవారిలో ఆ చోట జబ్బు తిరగబెట్టడం తగ్గింది, ఆయుష్షు మాత్రం పెరగలేదు. 2000లో నెదర్లాండ్స్ వారి పోర్టెక్-1 పరిశోధనా అదే చెప్పింది. బయటి రేడియేషన్‌తో ఐదేళ్లలో ఆ ప్రాంతంలో జబ్బు తిరిగి రావడం 14 శాతం నుంచి 4 శాతానికి దిగింది. ప్రాణాలు అదనంగా నిలవలేదు. దుష్ఫలితాలు 6 శాతం నుంచి 25 శాతానికి ఎగబాకాయి.

తిరగబెట్టినవాటిలో ఎక్కువ భాగం యోనిలోనే కనిపించింది. అలాంటప్పుడు పేగులన్నిటినీ ఎందుకు కాల్చాలి? ఈ ప్రశ్నకు జవాబే పోర్టెక్-2. జబ్బు తిరగబెట్టే ముప్పు ఒక మోస్తరుకు మించి ఉన్న 427 మందిలో సగం మందికి బయటినుంచి, మిగతా సగం మందికి యోని లోపల మాత్రమే రేడియేషన్ ఇచ్చారు. లోపలి రేడియేషన్‌ను మూడు విడతల్లో ఇచ్చే పద్ధతి అందులోదే. 2010లో వచ్చిన లెక్క ప్రకారం ఐదేళ్లలో యోనిలో జబ్బు తిరిగి వచ్చింది లోపలి చికిత్సలో 1.8 శాతం, బయటిదానిలో 1.6 శాతం. ఆయుష్షులో తేడా లేదు. చికిత్స ముగిసేనాటికి విరేచనాల వంటి పేగు బాధలు మాత్రం లోపలిదానిలో 12.6 శాతం, బయటిదానిలో 53.8 శాతం. ఈ వైద్యం చరిత్రలో ఇంతకన్నా పెద్ద మేలు మరొకటి లేదని నా అభిప్రాయం.

అంతమాత్రాన బాధ లేదని కాదు. యోని పొర పలచబడుతుంది, పొడిబారుతుంది, కొందరిలో సన్నబడి గోడలు అతుక్కుంటాయి. దాంపత్యమే కాదు, తర్వాత డాక్టరు చేసే పరీక్ష కూడా నొప్పి పుట్టిస్తుంది. పొర పలచబడటం లోపలి చికిత్స తీసుకున్నవారిలోనే ఎక్కువగా కనబడింది. ఎందరు బతికారన్న పట్టికలు మొదటినుంచీ ఉన్నాయి. ఎలా బతుకుతున్నారని స్త్రీలనే అడిగి రాసుకోవడం చాలా ఆలస్యంగా మొదలైంది. ఆ జాప్యం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఈ జబ్బు ఎక్కువగా ముట్లుడిగిన వయసులో వస్తుంది కాబట్టి, మన ఇళ్లలో "ఈ వయసులో ఆ మాటలెందుకు" అని నోరు మూయించేవారూ ఉన్నారు.

2013 తర్వాత కణితి జన్యు లక్షణాలను బట్టి దాన్ని నాలుగు రకాలుగా విభజించడం మొదలైంది. ఎవరికి రేడియేషనే అక్కర్లేదో, ఎవరికి లోపలిది చాలో తేల్చడానికి ఇప్పుడు అది తోడ్పడుతోంది.

కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవాలని డాక్టరు చెప్పినప్పుడు, యోని సన్నబడకుండా ఏం చేయాలో, యోనిని వెడల్పుగా ఉంచే డైలేటర్ ఎప్పటినుంచి వాడాలో సంతకం పెట్టకముందే అడగండి. అమ్మ మొహమాటపడితే పక్కనున్న కూతురైనా, కోడలైనా అడగాలి.