ఫారంలో ఒకటే గడి

మా ఆపా కొడుకు ఐఈఎల్‌టీఎస్ పరీక్షకు తయారవుతున్నాడు. ఇంగ్లండు వెళ్లి ఎమ్మెస్సీ చదవాలని వాడి కోరిక. సీటుకు ఆరున్నర బ్యాండు కావాలి. కోచింగ్ సెంటర్లో పెట్టే మాక్ టెస్టుల్లో వినడం, చదవడం, రాయడం ఎలాగో నెట్టుకొస్తున్నాడు. మాట్లాడే దగ్గరే ఆగిపోతున్నాడు. ఒక నిమిషం ఆలోచించుకొని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఒకరోజు 'మీ ఇంట్లో మీకు నచ్చిన పెద్దమనిషి గురించి చెప్పండి' అన్నారట. వాడికి నానా గుర్తొచ్చాడు. అంటే మా అబ్బా. నల్లగొండ పల్లెల్లో సైకిలు మీద తిరిగి గాజులమ్మిన మనిషి. ఇంట్లో ఉర్దూ, వాకిళ్లలో తెలుగు. అరనిమిషానికే పిల్లాడి నోరు కట్టుకుపోయింది. 'ఇంటి భాషలో ఆలోచిస్తే ఇంతే. ఇంగ్లీషులోనే ఆలోచించు' అన్నాడట సారు.

'మామూ, నానా గురించి ఇంగ్లీషులో ఎట్లా ఆలోచించాలె?' అని వాడు నన్నడిగాడు.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. బి.ఏ. తెలుగు మీడియం. ఉర్దూ వార్తను తెలుగులోకి, తెలుగు వార్తను ఉర్దూలోకి మార్చడమే ఇరవయ్యేళ్లుగా నా బతుకుదెరువు. వాడి ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. అందుకే కొంచెం వెనక్కి వెళ్లి చూశాను.

ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోసం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం మొదటి ప్రావీణ్య పరీక్ష పెట్టింది 1913లో. పరదేశాల బడుల్లో ఇంగ్లీషు చెప్పదలచిన వాళ్లకు ఉద్దేశించిన పరీక్ష అది. ఫీజు మూడు పౌండ్లు. మొత్తం పన్నెండు గంటలు. రాసింది ముగ్గురే. ముగ్గురూ తప్పారు. మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పరీక్షలో ఇంగ్లీషు నుంచి ఫ్రెంచి లేదా జర్మన్‌లోకి, వాటి నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేయాలి. ఇంగ్లీషు ఎంత వచ్చో చూడ్డానికి రెండో భాషను కూడా పక్కన పెట్టుకొని చూశారన్నమాట. ఆ రెండో భాష యూరపుదే అయ్యుండాలి, అది వేరే సంగతి.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఇంకో ఆలోచన నడిచింది. అప్పటికి ఇక్కడ ఉన్న నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. చదువంతా ఇంగ్లీషులో. పరాయి భాషలో చదివే భారం కింద పిల్లల ఆలోచన నలిగిపోతోందని అక్బర్ హైదరీ వాదించారు. 1917లో ఫర్మానా వచ్చింది. బోధన ఉర్దూలో జరగాలి. అయితే ఇంగ్లీషును ఒక భాషగా ప్రతి విద్యార్థీ తప్పనిసరిగా నేర్వాలి. అదే ఏడు దారుల్ తర్జుమా, అంటే అనువాద విభాగం, మౌల్వీ అబ్దుల్ హక్ ఆధ్వర్యంలో మొదలయింది. గణితం, భౌతికశాస్త్రం, వైద్యం, న్యాయశాస్త్రం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. లేని మాటలను పుట్టించారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది.

'తురకోళ్లు ఇంగ్లీషు వద్దనుకున్నారు, అందుకే వెనకబడ్డారు' అని అలవోకగా అనేవాళ్లు ఆ ఫర్మానా ఒకసారి చూడాలి. అక్కడ ఇంగ్లీషును ఎవరూ వద్దనలేదు. దాన్ని నేర్చుకోవాల్సిన భాషగా ఉంచారు, ఆలోచన మీద పెత్తనం మాత్రం ఇవ్వలేదు. ఆ ఉర్దూ మీడియం వాళ్లను బావిలో కప్పల్ని చేసిందా? ఉస్మానియాలో చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, అక్కడి నుంచి జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్లి గణితం, భౌతికశాస్త్రాల్లో పేరు తెచ్చుకున్నారు. అదే ఉస్మానియాలో చదివిన ముహమ్మద్ హమీదుల్లా బాన్‌లో ఒక డాక్టరేటు, పారిస్‌లోని సోర్బాన్‌లో మరొకటి తీసుకున్నారు. తర్వాత ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు. తెలుగు పిల్లాడికి ఉర్దూ కూడా పరాయి భాషే. మద్రాసు చదువులో మనకు ఇంగ్లీషు ఎలా అడ్డుగోడ అయిందో, ఉస్మానియాలో వాళ్లకు ఉర్దూ అలాగే అడ్డుగోడ అయింది. మాతృభాష గొప్పదని చెప్పిన పాలకులకు పక్కవాడి మాతృభాష కనిపించలేదు. ఈ మాట ముస్లింలుగా మనమే ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాకే మన బాధ చెప్పుకోవడానికి నోరు వస్తుంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత కొద్దికాలానికే ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూ పోయిన చోటికి తెలుగైనా వచ్చిందా అంటే అదీ లేదు. తర్జుమా చేసిన పుస్తకాలు పాతపుస్తకాలయ్యాయి. హైదరాబాదులో మళ్లీ ఉర్దూ పేరుతో ఒక విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, పుట్టడానికి 1998 దాకా ఆగాల్సి వచ్చింది. యాభయ్యేళ్లు! ఈ మధ్యలో పెరిగిన మా లాంటి వాళ్లం ఉర్దూ బడి నుంచి తెలుగు కాలేజీకి, అక్కడి నుంచి ఇంగ్లీషు ఇంటర్వ్యూకి నడిచాం. ప్రతి మలుపులోనూ 'నీకు భాష రాదు' అనే మాటే విన్నాం. మూడు భాషలు వచ్చినవాడికి భాష రాదని తేల్చడం ఎంత సులువు!

విదేశీ విద్యార్థుల కోసం అమెరికాలో టోఫెల్ 1964లో మొదలయింది. ఐఈఎల్‌టీఎస్ 1989లో వచ్చింది. ఈ పరీక్షల్లో అనువాదం లేదు. మన భాషకు మిగిలింది ఫారంలో ఒక గడి. 'మీ మొదటి భాష ఏది?'

ఆ గడి దగ్గర కూడా మావాడు ఆగాడు. ఉర్దూ అని రాస్తే తెలుగువాడు కానట్టా? తెలుగు అని రాస్తే అమ్మీ మాట అబద్ధమైనట్టా? 'అరె, నువ్వు తెలుగు భలే మాట్లాడతావే' అని నల్లగొండలో పుట్టిన వాణ్ని మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు వేసే ప్రశ్నే ఇప్పుడు కంప్యూటరు వేస్తోంది. వాడు ఉర్దూ అని నింపాడు. తెలుగుకు ఇంకో గడి ఉందేమోనని కిందికి వెతికాడు. లేదు.

నానా గురించి ఇంగ్లీషులో ఆలోచించనక్కర్లేదని వాడికి చెప్పాను. ఇప్పుడు రోజూ మగ్రిబ్ తర్వాత నా ముందు కూర్చుంటాడు. గాజుల సైకిలు కథ ముందు ఉర్దూలో చెప్తాడు. గాజులు కొన్న అమ్మలక్కల మాటలు తెలుగులో చెప్తాడు. ఆ తర్వాత అంతా ఇంగ్లీషులో చెప్తాడు. నిన్న ఆగకుండా నిమిషంన్నర మాట్లాడాడు. పరీక్ష వచ్చే నెల.